మేపుల్ మానులోకి సూది దించే కందిరీగ: చెక్క లోపల జరిగేది ఏమిటి?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మిషిగన్‌లో మీ ఇంటి వెనక సగం ఎండిన మేపుల్ చెట్టు ఉంది. ఒంటికన్నా పొడవైన తోక ఉన్న కందిరీగ దాని మాను మీద వాలి, ఆ తోకను చెక్కలోకి దించి చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. అది చెట్టును పాడుచేస్తుందా, పిల్లల్ని కుడుతుందా, వెంట్రుకంత సూది గట్టి చెక్కలోకి ఎలా దిగుతుంది, లోపల పురుగు ఉందని దానికెలా తెలుస్తుంది అని అడిగారు. పలాస దగ్గర మీ నాన్నగారి జీడితోటలో కాండం తొలుచు పురుగు మీదికి ఇలాంటిదాన్ని వదలొచ్చా అన్నది చివరి ప్రశ్న. దానికి జవాబు చివర్లోనే చెప్పగలను, ఎందుకంటే అది మిగతా వాటి మీద ఆధారపడి ఉంది.

ముందు పిల్లల సంగతి. కుట్టదు. మీ ఫొటోలో ఉన్నది మెగారిస్సా అనే ప్రజాతి ఆడ కందిరీగ, ఇక్న్యూమన్ కుటుంబానికి చెందినది. గోధుమ, పసుపు చారలు, రెక్కల మీద మచ్చలు చూస్తే మెగారిస్సా మాక్రురస్ అనే అనిపిస్తోంది. దాని తోక గుడ్లు పెట్టే గొట్టం, దాన్ని మనుషుల మీద వాడదు. కందిరీగ చెక్కకు అతుక్కుని ఉన్నప్పుడు మీ పాప చెయ్యి తగిలినా పారిపోవడం కూడా దానికి కుదరదు, సూది లోపల ఇరుక్కుని ఉంటుంది. జాలిపడి లాగకండి, సూది విరుగుతుంది. రాత్రిళ్ళు వరండా లైటు దగ్గరికి వచ్చే నారింజ రంగు సన్నటి ఇక్న్యూమన్లు వేరే జాతులు. నెటీలియా, ఓఫియాన్ లాంటివి పట్టుకుంటే కుడతాయి. వాటినీ వీటినీ కలిపి భయపడుతుంటారు.

చెట్టుకు కూడా దీనివల్ల హాని లేదు. చెట్టు ముందే జబ్బుపడింది. ఈ కందిరీగ అక్కడ వాలిందంటే లోపల మరొకటి కాపురం పెట్టిందన్నమాట. దాని పేరు ట్రెమెక్స్ కొలంబా, అమెరికాలో పిజియన్ హార్న్‌టెయిల్ అంటారు. అదీ కందిరీగల బంధువే, కానీ చెక్క తిని బతుకుతుంది. ఆడ ట్రెమెక్స్ బలహీనపడిన మేపుల్, బీచ్, ఎల్మ్ చెట్లను వెతుక్కుని, తన సూదితో చెక్కలో గుడ్డు పెడుతుంది. గుడ్డుతో పాటు ఒక ఫంగస్‌ను కూడా లోపలికి పంపిస్తుంది. ఆ ఫంగస్ పేరు సెర్రీనా యూనికలర్. దాన్ని దాచుకోవడానికి తల్లి పొట్టలో ప్రత్యేకంగా సంచులుంటాయి. ఫంగస్ చెక్కను మెత్తబరుస్తుంది, పిల్లపురుగు ఆ మెత్తబడిన చెక్కను తొలుచుకుంటూ తింటూ పోతుంది. వెనక సొరంగం నిండా పొట్టు కూరుకుపోతుంది. ఒక ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం అక్కడే.

బాగున్న చెట్టును ట్రెమెక్స్ సాధారణంగా ముట్టుకోదు. కాబట్టి మీరు పట్టించుకోవాల్సింది కందిరీగను కాదు, చెట్టు ఎందుకు ఎండుతోందన్న సంగతిని. వేళ్ళ మీద మట్టి పోశారా, డ్రైవ్‌వే వేసేటప్పుడు వేళ్ళు తెగాయా, ఇవన్నీ అర్బరిస్టును (చెట్ల నిపుణుణ్ణి) పిలిచి చూపించుకోవాల్సినవి. స్ప్రే కొట్టినా లోపలి పురుగుకు చేరదు. చచ్చేది దాన్ని చంపడానికి వచ్చిన కందిరీగే.

ఇక అసలు సంగతి. ఈ కందిరీగల గురించి చదివిన వాళ్ళంతా సూది గురించే ఆశ్చర్యపోతారు. నాకైతే సూది సగం కథే అనిపిస్తుంది. ఏ కందిరీగ ఏ పురుగును ఏ వయసులో పట్టుకోగలదు అనేది దాని సూది పొడవు, పురుగు ఉన్న లోతు, ఈ రెంటి మధ్య లెక్క. ఇది అర్థమైతే, మీ పెరటి మేపుల్ నుంచి మీ వీధిలో చచ్చిన యాష్ చెట్ల దాకా అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

లోపల పురుగు ఉందని దానికెలా తెలుస్తుంది అన్నారు. మీరు ముందునుంచీ చూసి ఉంటే, సూది దించకముందు అది మాను మీద పైకీ కిందికీ నడుస్తూ, ముందున్న మీసాల కొసలతో బెరడును తడుముతూ ఉండేది. మొదట దాన్ని అక్కడికి రప్పించేది వాసన. ఆ వాసన పురుగుది మాత్రమే కాదు, పురుగు వెంట వచ్చిన ఫంగస్‌ది కూడా. దీని యూరప్ బంధువు రిస్సా పర్సువాసోరియా మీద 1960ల చివర్లో, 1970ల మొదట్లో జరిగిన పరిశోధనల్లో ఈ విషయం తేలింది. పైన్ చెక్కను తొలిచే, ట్రెమెక్స్‌కు బంధువైన సైరెక్స్ పురుగు పొట్టులోని ఫంగస్ వాసనకే రిస్సా వచ్చి వాలి, తడమడం మొదలుపెట్టింది. ట్రెమెక్స్ తన పిల్లకు అన్నం పెట్టడానికి తెచ్చిన ఫంగసే ఆ పిల్ల చిరునామాను బయటపెడుతోంది. ఆ తర్వాత దగ్గరికి వచ్చాక కచ్చితమైన చోటు పసిగట్టడంలో కదలికలకు, కంపనాలకు కూడా పాత్ర ఉందంటారు. ఇక్న్యూమన్లలోనే పింప్లా లాంటి కొన్ని మీసాలతో చెక్కను తట్టి, తిరిగివచ్చే కంపనాన్ని కాళ్ళతో పసిగడతాయని ప్రయోగాల్లో చూపించారు. మెగారిస్సాకు వాసన ఎంత, కంపనం ఎంత అని నేను పంచి చెప్పను.

చోటు దొరికాక జరిగేదే చూడదగ్గ భాగం. కాళ్ళు ఎత్తుగా నిలిపి, పొట్టను నిటారుగా పైకి లేపుతుంది. మీకు కనిపించిన తోక ఒక్కటి కాదు, మూడు దారాలు. రెండు పక్కలవి ఒరలు, నడిమిది సూది. ఒరలు చెక్కలోకి పోవు, పైకి విల్లులా వంగి ఉండిపోతాయి. సూది మాత్రం బెరడుకు నిలువుగా నిలబడాలి. ఒంటికన్నా పొడవైన సూదిని నిలబెట్టాలంటే కాళ్ళు ఎంత ఎత్తైనా చాలవు కాబట్టి, సూది మొదలు భాగాన్ని పొట్ట చివర్లోకి చుట్టుకుంటుంది. అక్కడి చర్మం సాగి, పల్చగా, వెలుతురు కనిపించేటంత పొరగా, గుండ్రంగా ఉబ్బుతుంది. మీ రెండో ఫొటోలో పొట్ట కొసన కనిపించే పసుపచ్చటి బిళ్ళ అదే, జబ్బేమీ కాదు. సూది దిగేకొద్దీ ఆ బిళ్ళ చిన్నదవుతుంది.

ఇప్పుడు ఇంజనీరింగ్ చిక్కు. ఎండుపుల్లను నేలకు గుచ్చి నొక్కితే అది గుచ్చుకోకముందే వంగి విరుగుతుంది. సన్నటి పుల్ల పొడవు రెట్టింపైతే అది వంగకుండా తట్టుకునే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. మెగారిస్సా సూది గుర్రపు వెంట్రుకంత సన్నం, వేలంత పొడవు. దాన్ని పైనుంచి నొక్కి చెక్కలోకి దించడం కుదరని పని. అందుకే అది నొక్కదు.

నడిమి సూది కూడా ఒకటే ముక్క కాదు. పైన ఒక పలక, కింద రెండు పలకలు. కింది రెండూ పై పలక మీదున్న పట్టాల్లో జారుతూ, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ముందుకూ వెనక్కూ కదలగలవు. కొసన రంపపు పళ్ళున్నాయి. మన తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి గుర్తుచేసుకోండి. నడుముకున్న మోకు మానును పట్టుకుని ఉండగా కాళ్ళను పైకి జరుపుకుంటాడు, కాళ్ళ బంధం పట్టు దొరికాక మోకును పైకి విసురుతాడు. ఏ క్షణంలోనూ రెండూ ఒకేసారి వదలడు. ఇక్కడా అంతే. ఒక పలక పళ్ళు చెక్కను పట్టుకుని వెనక్కి లాగుతుంటే, ఆ పట్టు ఆసరాగా రెండో పలక ముందుకు వెళ్తుంది. తర్వాత దీని వంతు. ఒకటి లాగే బలం, ఇంకొకటి నెట్టే బలం దాదాపు సరిపోతాయి కాబట్టి, పైనుంచి పడే ఒత్తిడి చాలా తక్కువ. సూది వంగి విరగాల్సిన అవసరమే రాదు. ఈ పద్ధతిని చెక్క తొలిచే కందిరీగల మీద 1995లో జూలియన్ విన్సెంట్, కింగ్ వివరంగా రాశారు. అప్పటినుంచీ ఇంజనీర్లు దీని వెంట పడ్డారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో మెదడు ఆపరేషన్ల కోసం, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సన్నటి వైద్య సూదుల కోసం ఇదే జారుడు పలకల పద్ధతిని వాడి నమూనాలు చేశారు. మెదడులోకి సూదిని నొక్కకుండా దించగలిగితే చుట్టుపక్కల కణజాలం తక్కువ నలుగుతుంది. ఆసక్తి ఉంటే ఆ వీడియోలు వెతికి చూడండి.

చెక్క కోసే కొస అరిగిపోదా అంటే, దానికీ ఏర్పాటుంది. చెక్క తొలిచే చాలా కందిరీగల సూది కొసల్లో, దవడల్లో జింకు గానీ మాంగనీసు గానీ కలిసి ఉంటుంది. దాంతో అక్కడి పెంకు గట్టిపడుతుంది. ఇందులో మన దగ్గరి ఉదాహరణ ఉంది. మేడిపండు పొట్ట విప్పితే ఏముంటాయో చిన్నప్పుడే అందరం వల్లెవేశాం. ఆ లోపలి పురుగుల్లో పెద్ద భాగం మేడిని పరాగసంపర్కం చేసే బుల్లి కందిరీగలు, వాటి మీద బతికే ఇంకొన్ని కందిరీగలూ ఉంటాయి. అపోక్రిప్టా అనే పరాన్న కందిరీగ లోపలికి దూరదు. పచ్చి మేడికాయ బయట కూర్చుని, తలవెంట్రుక కన్నా సన్నటి సూదిని గట్టి తొక్కలోంచి లోపలికి దించి, లోపలి పిల్లపురుగుల దగ్గర గుడ్డు పెడుతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కుందనాటి, గుండయ్య దీని సూదిని పరిశీలించి 2014లో ప్రచురించారు. కొసన పళ్ళున్నాయి, ఆ పళ్ళలో జింకు ఉంది. మెగారిస్సాను చూడ్డానికి మిషిగన్ రావాలి గానీ, దీన్ని చూడ్డానికి మన ఊరి మేడిచెట్టు, ఒక భూతద్దం చాలు.

సూది షాఫ్టులో కండరాలుండవు. కదిలించే కండరాలన్నీ పొట్టలోనే. కానీ కొసన చిన్న చిన్న జ్ఞాన గ్రాహకాలుంటాయి, చెక్క లోపల ఏది తగిలిందో వాటితో తెలుసుకుంటుంది. పురుగు సొరంగం తగిలి, పురుగు తగిలాక మొదట విషం వదులుతుంది. ట్రెమెక్స్ పిల్లపురుగు అక్కడితో కదలడం ఆపేస్తుంది. చావదు, కుళ్ళదు, పెరగదు. తర్వాత గుడ్డు. గుడ్డు ఆ గొట్టం కన్నా లావు! అది మెత్తటిది కాబట్టి పొడవుగా సాగి, సన్నటి దారిలో నలిగి జారి, బయటపడ్డాక మళ్ళీ ఉబ్బుతుంది. దారి పొడవునా గొట్టం లోపలి గోడల మీదున్న పొలుసుల్లాంటి నిర్మాణాలు పలకలు కదిలినప్పుడల్లా దాన్ని కొస వైపు జరుపుతూ ఉంటాయి. గుడ్డు పురుగు ఒంటి మీద పడుతుంది, లోపల కాదు. పొదిగిన మెగారిస్సా పిల్ల ఆ పురుగును బయటినుంచే కొరికి తింటుంది. కదలని ఆహారం కాబట్టి తొందరేమీ లేదు. కొన్ని వారాల్లో తిండి ముగించి, అదే సొరంగంలో చలికాలం గడిపి, మరుసటి వేసవికి కందిరీగగా మారి, చెక్కను నమిలి బయటికి వస్తుంది.

దీనంతటికీ అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సూది బయటికి తీయలేక అక్కడే చచ్చిపోయిన ఆడవీ ఉంటాయి. ఎండిన మానుల మీద ఒళ్ళు లేకుండా సూది మాత్రం మిగిలి కనిపిస్తే ఏ పక్షో తినేసిందనుకోవచ్చు. కదలకుండా నిలబడి ఉండే ఆ సమయం పిట్టలకు మంచి అవకాశం.

మీ చెట్టు మీద సన్నటి పొట్టతో తిరుగుతున్న తోకలేని గుంపు గురించి కూడా అడిగారు. అవి మగవి, మగవాటికి సూది ఉండదు. ఆడవి చెక్కలోంచి బయటికి వచ్చే చోటు ముందే పసిగట్టి అక్కడ చేరతాయి. ఆడది బయటికి రాకముందే పగులులోంచి పొట్ట కొసను లోపలికి దూర్చి జతకట్టే ప్రయత్నం చేస్తాయి. మర్యాద కాదు గానీ, పోటీ అలా ఉంది.

ఇప్పుడు లోతు లెక్కకు వద్దాం. తూర్పు అమెరికాలో మూడు మెగారిస్సాలు ఒకే చెట్టు మీద, ఒకే ట్రెమెక్స్ కోసం వస్తాయి: అట్రాటా, మాక్రురస్, గ్రీనై. అట్రాటా ఒళ్ళంతా నలుపు, తల పసుపు. మూడింట్లో దాని సూదే అన్నిటికన్నా పొడవు, పెద్ద ఆడదానికి అయిదు అంగుళాల దాకా ఉంటుంది. గ్రీనైది పొట్టి. ఒకే ఆహారం మీద మూడు ఎలా బతుకుతున్నాయన్న ప్రశ్నకు 1965లో హీట్‌వోల్, డేవిస్ చెప్పిన జవాబు ఇదే: లోతుగా ఉన్న పురుగులు పొడుగు సూదికి, పైనున్నవి పొట్టి సూదికి. తర్వాత వేరే వివరణలూ వచ్చాయి, కానీ ఆలోచన మాత్రం ఇప్పటికీ పాఠాల్లో నిలిచింది.

ఇందులో నాకు ఇష్టమైన మడత ఒకటుంది. విషం తగిలిన పురుగు ఇక పెరగదు కాబట్టి, పిల్లకు దొరికే తిండి ఆ పురుగు ఎంతుంటే అంతే. చిన్న పురుగు మీద పెరిగిన పిల్ల చిన్న కందిరీగ అవుతుంది. ఆడదైతే దాని సూదీ పొట్టిదే. అంటే తల్లి ఏ పురుగును ఎంచుకుందో దాన్నిబట్టి కూతురు చెక్కలో ఎంత లోతుకు వెళ్ళగలదో నిర్ణయమైపోతుంది. ఇలాంటి కందిరీగల్లో తల్లులు ఫలదీకరణ చెందిన గుడ్డు పెడితే ఆడపిల్ల, చెందనిది పెడితే మగపిల్ల. చాలా జాతుల్లో పెద్ద పురుగు దొరికితే ఆడగుడ్డు, చిన్నది దొరికితే మగగుడ్డు పెట్టడం కనిపిస్తుంది. మగవాటికి సూది అక్కర్లేదు కదా.

పొడుగు సూది లేనివాళ్ళు ఏం చేస్తారు? తొందరపడతారు. ఐబాలియా అనే కందిరీగ సైరెక్స్‌ను వేటాడుతుంది. పైన్ చెట్టులో సైరెక్స్ తల్లి సూదితో చేసిన బెజ్జం అలాగే ఉంటుంది. ఐబాలియా ఆ బెజ్జంలోనే తన సన్నటి సూదిని దించుతుంది. కొత్తగా తొలవాల్సిన పని లేదు. అప్పటికి లోపలున్నది గుడ్డు గానీ, ఇప్పుడే పొదిగిన బుల్లి పిల్ల గానీ. గుడ్డును దాని ఒంట్లోకే పెడుతుంది. పురుగును చంపదు, ఆపదు. సైరెక్స్ పిల్ల తింటూ పెరుగుతుంది, లోపల ఐబాలియా పిల్ల కూడా. తర్వాతి దశల్లో అది బయటికి వచ్చి మిగతాది తినేస్తుంది. రిస్సా మాత్రం ఆఖరున వస్తుంది. సైరెక్స్ పురుగు పెద్దదై, ప్యూపాగా మారడానికి మళ్ళీ బెరడు వైపు తిరిగి వస్తుంది. అప్పుడది రిస్సా సూదికి అందే లోతులోకి వచ్చేస్తుంది. మధ్య కాలంలో చెక్క నడిబొడ్డులో ఉన్న పురుగు ఇద్దరికీ అందదు.

న్యూజిలాండ్ వాళ్ళు ఈ లెక్కను డబ్బు పెట్టి నేర్చుకున్నారు. సైరెక్స్ నాక్టిలియో అక్కడ 1900 ప్రాంతంలో కనిపించింది. యూరప్‌లో అది చచ్చే చెట్లను పట్టేది. న్యూజిలాండ్‌లో రేడియేటా పైన్ తోటలు మైళ్ళ కొద్దీ ఒకే జాతివి, ఒకే వయసువి, 1940ల చివర్లో కరువు కూడా తోడై లక్షల చెట్లు ఎండిపోయాయి. రిస్సాను 1920ల చివర్లోనే ఇంగ్లండు నుంచి తెచ్చి వదిలారు, తర్వాత ఐబాలియాను, అమెరికా నుంచి ఒక మెగారిస్సాను కూడా తెచ్చారు. ఇవన్నీ సాయపడ్డాయి. కానీ ఎవరి సూదీ అందుకోని లోతుకు చేరిన ప్రాణి వేరేది: డెలాడీనస్ సిరిసిడికోలా అనే నులిపురుగు, 1962లో న్యూజిలాండ్‌లోనే దొరికింది. అది సైరెక్స్ ఫంగస్‌ను తింటూ చెక్కంతా పాకుతుంది, పురుగు తగిలితే దానిలోకి దూరి, ఆ పురుగు ఆడదిగా పెరిగితే దాన్ని గొడ్రాలిని చేస్తుంది. ఆస్ట్రేలియాలో తోటలను కాపాడిన దానిలో పెద్ద వాటా దీనిదే. కందిరీగల అభిమానిగా చెబుతున్నాను, ఇక్కడ బహుమతి నులిపురుగుకే ఇవ్వాలి.

మీ వీధిలో ఎండిన యాష్ చెట్ల సంగతీ ఇదే. వాటిని చంపింది ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పెంకు పురుగు. ఆసియా నుంచి వచ్చి, 2002లో మీ డెట్రాయిట్ దగ్గరే బయటపడింది, ఆ తర్వాత కోట్ల చెట్లను చంపింది. దాని పిల్లలు చెక్కలోకి అంత లోతుగా పోవు, బెరడు కింద పొరను తింటాయి. చైనా నుంచి కందిరీగలు తెచ్చి 2007 నుంచి మిషిగన్‌లోనే వదిలారు, వాటిని పెంచే ల్యాబ్‌ను అక్కడే బ్రైటన్‌లో పెట్టారు. వాటిలో టెట్రాస్టికస్ ప్లానిపెన్నిసి చక్కగా నిలదొక్కుకుంది, కానీ సన్నటి చెట్లలోనే. దాని సూది రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన. బెరడు మందం మూడు మిల్లీమీటర్లు దాటితే అది పురుగును అందుకోలేదు. చిన్న యాష్ మొక్కలను కాపాడుతుంది, పెద్ద మానును కాపాడలేదు. అందుకే పొడుగు సూది ఉన్న స్పేథియస్ గలీనైని రష్యా తూర్పు ప్రాంతం నుంచి తెచ్చారు, దానికి 2015లో అనుమతి వచ్చింది. ఊబియస్ అగ్రిలి అనే ఇంకో బుల్లిది పురుగు జోలికే పోదు, బెరడు పగుళ్ళలోని గుడ్లలోనే తన గుడ్డు పెడుతుంది. ఒకే పురుగు, మూడు రకాల సూదులు, రెండు దశలు.

సూదిని చెక్కలోకి అసలు దించని వాళ్ళూ ఉన్నారు. స్క్లెరోడెర్మస్ అనే చిన్నవాటిలో ఆడవాటికి చాలావరకు రెక్కలే ఉండవు, చూస్తే చీమలనుకుంటారు. ఒంటిని పల్చగా నొక్కుకుని పొట్టు నిండిన సొరంగంలోకే దూరిపోయి పురుగును కుట్టి పడేసి, దాని మీద గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగేదాకా పక్కనే ఉంటాయి. చైనాలో చెట్లు తొలిచే కొమ్ముపురుగుల (పొడవాటి మీసాలున్న పెంకు పురుగుల) మీదికి వీటిని పెంచి వదులుతారు. పుచ్చిన పాత ఫర్నిచర్ ఉన్న ఇళ్ళలో మనుషులను కుట్టేవీ ఇవే. కాబట్టి కందిరీగ భయం పెట్టుకోవాలంటే ఈ బుల్లివాటి మీద పెట్టుకోండి, మీ మేపుల్ మీది పొడుగుతోక మీద కాదు.

ఇక మీ నాన్నగారి తోట. పలాస వైపు జీడిచెట్లను చంపేది ప్లోసెడిరస్ ఫెరుజీనియస్ అనే గోధుమరంగు కొమ్ముపురుగు. మొదలు దగ్గర బెరడు పగుళ్ళలో, బయటికి తేలిన వేళ్ళ మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు బెరడు కింద తొలుస్తూ వేళ్ళ దాకా పోతుంది. జిగురు కారడం, మొదట్లో రంపపు పొట్టు రాలడం, తర్వాత ఆకులు పసుపెక్కి రాలడం. ఆకులు పసుపెక్కేదాకా ఆగితే ఆ చెట్టు చాలావరకు పోయినట్టే.

మెగారిస్సాను అక్కడికి తేవచ్చా? కుదరదు. అది ట్రెమెక్స్ లాంటి చెక్క కందిరీగల పిల్లల కోసం తయారైనది. వాటి ఫంగస్ వాసన లేని చెట్టు మీద దానికి పని లేదు, కొమ్ముపురుగు పిల్లను పట్టుకోదు. పైగా ఒక దేశం నుంచి పురుగును ఇంకో దేశానికి తేవాలంటే క్వారంటైన్ పరీక్షలు, అనుమతులు ఉంటాయి, జేబులో వేసుకుని రాకూడదు. మీరు సరదాకు అడిగారని తెలుసు, కానీ చేసేవాళ్ళు ఉన్నారు.

ఊళ్ళో ఎవరో ట్రైకోకార్డులు, అంటే ట్రైకోగ్రామా అనే బుల్లి పరాన్న కందిరీగలున్న అట్టముక్కలు, కట్టమన్నారని రాశారు. ట్రైకోగ్రామాకు కావలసింది ముఖ్యంగా రెక్కల పురుగుల గుడ్లు. వరిలో కాండం తొలుచు పురుగు మీద, చెరకు మీద అవి పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ కూడా పురుగు కాండంలోకి దూరకముందే గుడ్డు దశలో పట్టుకుంటాయి. వరిలో ఇంకో విచిత్రం ఉంది: టెలెనోమస్ రోవనై అనే బుల్లి కందిరీగ ఆడ రెక్కల పురుగు తోక వెంట్రుకలను పట్టుకుని వెంటే తిరిగి, అది గుడ్డు పెట్టిన వెంటనే దిగి తన గుడ్డు పెడుతుంది. వెంట్రుకలు కప్పేయకముందే అందుకోవాలి కదా. చెరకు మొవ్వును తొలిచే పురుగును మాత్రం ఐసోటిమా అనే ఇక్న్యూమన్ సూది దించి కాండం లోపలే పట్టుకుంటుంది, మెత్తటి చెరకు కాబట్టి. జీడి మొదలు బెరడు కింద పెంకు పురుగు గుడ్లకు ట్రైకోకార్డుతో పనిలేదు, డబ్బు దండగ.

ఆయనకు చెప్పాల్సింది ఇది. నెలకోసారైనా ప్రతి చెట్టు మొదలు చూడాలి. జిగురు, పొట్టు కనిపించిన చోట బెరడును ఉలితో జాగ్రత్తగా తీసి, సొరంగం వెంట వంకీ తీగతో పురుగును లాగి చంపాలి. మొదట్లోనే పట్టుకుంటే చెట్టు బతుకుతుంది. బెరడు చుట్టూ సగానికి పైగా తినేసిన చెట్టును ఉంచి లాభం లేదు, వేళ్ళతో సహా తీసి తోట బయట కాల్చేయాలి. వదిలేసిన మొద్దుల్లోంచే తర్వాతి తరం వస్తుంది. మెటారైజియం లాంటి ఫంగస్ మందులు మట్టిలో వేయడం గురించి దగ్గరి ఉద్యానవన శాఖ వాళ్ళను అడగండి, మోతాదు వాళ్ళు నేల చూసి చెబుతారు. కందిరీగ సూది అందని చోట మనిషి చెయ్యి అందాలి. మధ్యప్రదేశ్‌లో 1990ల చివర్లో సాల వృక్షాల చేవను తొలిచే పురుగు విరుచుకుపడినప్పుడు కూడా అటవీ శాఖ చేసింది అదే. చెట్లు నరికి దుంగల బెరడు నలగ్గొట్టి, ఆ రసం వాసనకు వచ్చిన పెంకు పురుగులను కూలీలతో ఏరించి చంపించారు.

మీ మేపుల్ విషయం ఒక్కటి మిగిలింది. అది ఇంటి మీదికి, పిల్లలు ఆడే చోటికి పడేలా ఉంటే కొట్టించేయండి, సందేహించకండి. అలా లేకపోతే పై కొమ్మలు తీయించి, మానును పది అడుగుల ఎత్తున నిలబెట్టి ఉంచవచ్చు, వడ్రంగిపిట్టలూ వస్తాయి. కొట్టించినా, మొద్దులను వెంటనే చిప్పర్‌లో (కట్టెను ముక్కలు చేసే యంత్రంలో) వేయించకుండా పెరటి మూలన నీడలో పేర్చి వచ్చే వేసవి చివరిదాకా ఉంచండి. ఈ జూన్‌లో మీరు చూసిన కందిరీగ కూతుళ్ళు అందులోంచే బయటికి వస్తాయి. ఆ కట్టెలను మాత్రం వేరే కౌంటీకి, క్యాంపింగ్‌కు తీసుకెళ్ళకండి. యాష్ బోరర్ అంత దూరం వ్యాపించింది ముఖ్యంగా వంటచెరకు బండ్లలోనే.